నిద్ర లేవని సిమ్

"వారమంతా చార్జింగే పెట్టలేదా! శభాష్!" సిమ్ కార్డుల కంపెనీలో మేనేజర్ తన ఇంజనీరు ఫోన్ అందరికీ చూపించారు.

పని లేనప్పుడు సిమ్ కార్డు నిద్రపోయి చార్జింగ్ ఆదా చేస్తుంది. లేవగానే, తాను ఆ పాత కార్డునేనని నెట్‌వర్క్‌కి రుజువు చేసుకుంటుంది. ఆ పద్ధతి ఈ ఇంజనీరమ్మ కనిపెట్టిందే. పరీక్ష కోసం ఆఫీసులో అందరూ తమ సొంత నంబర్ల మీదే వాడి చూశారు.

"మా ఫోన్లు రెండ్రోజులకే చతికిలబడ్డాయి. నీదెలా నిలిచిందమ్మా?" అన్నారాయన.

చప్పట్ల మధ్య ఆమెకి కారణం తట్టింది. నోరు మెదపకపోతే మెప్పు తనకే.

"నా ఫోన్ లెక్కలోంచి తీసెయ్యండి సార్."

"ఏం, ఏదైనా లోపమా?"

"కార్డు బాగానే ఉంది సార్. దాన్ని లేపడానికి ఎవరూ ఫోన్ చెయ్యలేదు."

చప్పట్లు ఆగిపోయాయి.

అందరూ వెళ్ళాక, ఏళ్ళ తరబడి పక్క సీట్లోనే కూర్చుంటున్న ఆవిడ మొహమాటంగా అడిగింది. "నీ నంబరు చెప్పవూ?"

అది గుర్తు తెచ్చుకోవడానికి ఆమెకి కాసేపు పట్టింది.