చుక్క లేని ఇల్లు

బస్సు వచ్చేదాకా కురుమూర్తి చెయ్యి వదల్లేదు రేణుకమ్మ.

"ఏందే, చిన్న పిలగాన్ని పట్టుకున్నట్టు పట్టుకున్నవ్?" అన్నాడతను.

"చిన్న పిలగాడైతే నా మాటింటుండె."

స్టేజీ దగ్గర బీడీ కాలుస్తున్న శాంతయ్య పళ్లన్నీ కనిపించేలా నవ్వాడు. "ఆలుమొగలు జోడుగ ఏడికో పోతుండ్రు! మల్ల ఎప్పుడొస్తవ్ అక్కా?"

"పొద్దుగూకకముందే వస్త."

"జర జల్ది రా."

ఆమె ఊరు కదిలిందంటే చాలు, ఎవరో ఒకరు ఇట్లా అడుగుతూనే ఉంటారు. రేణుకమ్మ బస్సెక్కింది.

పోయిన నెల దవాఖానలో డాక్టరు తల ఎత్తకుండానే చెప్పాడు. "ఇంకొక్కసారి తాగితే నా దగ్గరికి తీసుకురావద్దమ్మా. తెచ్చినా లాభముండదు." చెప్పి, తర్వాతి వాళ్లను పిలిచాడు.

రేణుకమ్మ ఏడవలేదు. ఏడవాలని కూడా అనిపించలేదు. లోపలెక్కడో మొద్దుబారిపోయింది, ముల్లు గుచ్చుకున్నా తెలియని మడమలాగా. బయటికి వస్తుంటే గోడకు అంటించిన చిన్న కాగితం కనిపించింది. తాగుడు మానాలనుకునేవాళ్లు కలుసుకునే చోటు, ఒక ఫోన్ నంబరు. ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌లోకి నడిచింది.

"మీది గోపాల్‌పేట దిక్కా? అయితే వనపర్తి దగ్గరైతదమ్మా," అన్నాడు అవతలి మనిషి. "ఐతారం ఐతారం కూసుంటరు."

"వనపర్తి వద్దు సారూ. మా దిక్కోళ్లు వస్తరాడికి. ఇంక దూరం ఏడన్న ఉన్నదా?"

"నాగర్‌కర్నూల్ల ఉన్నది. సిగ్గుపడేదేం లేదమ్మా, అందరూ గట్లాంటోళ్లే."

"తెలుసు. నాగర్‌కర్నూల్‌దే చెప్పు."

కురుమూర్తి వీధుల్లో పడిపోయే తాగుబోతు కాదు. కొట్టడు, తిట్టడు. తాగడానికి ఏనాడూ గడప దాటి ఎరగడు. ఇంట్లోనే గోడకు వీపు ఆనించి, మాటా పలుకూ లేకుండా, కొద్దికొద్దిగా చచ్చిపోతున్నాడు. ఇప్పుడు అన్నం కలుపుతుంటే వేళ్లు వణికి మెతుకులు ఒళ్లో రాలుతున్నాయి.

నాగర్‌కర్నూల్‌లో, చర్చి వెనక రేకుల గది. కింద చాపలు. మగవాళ్లు గుండ్రంగా కూర్చున్నారు, ఆడవాళ్లు గోడ పక్కన. తెల్లజుట్టు పెద్దమనిషి ముందుగా నోరు విప్పాడు.

"నా పేరు యేసయ్య. నేను తాగుబోతును. ఈ పొద్దు తాగలే."

ఒక్కొక్కరే చెప్పుకుంటూ వచ్చారు. కురుమూర్తి వంతు వచ్చింది.

"నా పేరు కురుమూర్తి," అన్నాడు. తర్వాత చాపలోంచి ఒక పుల్ల లాగుతూ, "నాకు బతకాలనుంది," అన్నాడు.

అంతే. పక్కనున్న మనిషి అతని భుజం మీద చెయ్యి వేశాడు.

రేణుకమ్మను ఆనుకుని కూర్చున్న నవనీత కొత్త పెళ్లికూతురు. ముంజేతుల నిండా గాజులు. మొగుడు అటువైపు తల దించుకుని కూర్చుంటే, ఈమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. "మా ఊర్ల ఆ మందు అమ్మెటోళ్ల ఇల్లు గూల! వాళ్లకు ఆడపిల్లలు లేరా అక్కా?"

"ఊకో చెల్లె," అంది రేణుకమ్మ. తన చాయ్ గ్లాసు ఆమె చేతిలో పెట్టింది. "తాగు. కడుపుల సల్లగైతది."

అందరూ లేచాక యేసయ్యను గుమ్మం దగ్గర ఆపింది. "నేనేం చెయ్యాలె పెద్దయ్యా?"

"ఇంట్ల చుక్క ఉండొద్దమ్మా. కంటికి కనబడొద్దు, ముక్కుకు వాసన తగలొద్దు."

"ఒక్క చుక్క గూడనా?"

"మా ఆమె దగ్గుమందు సీస గూడ పెంట మీద పారేసింది. నెల రోజులు ఒకటే దగ్గు నాకు!" యేసయ్య నవ్వాడు. కురుమూర్తి కూడా నవ్వాడు. రేణుకమ్మ నవ్వలేదు. ఆమె అప్పటికే ఆలోచిస్తోంది.

తిరుగు బస్సులో కురుమూర్తి ఉడకబెట్టిన పల్లికాయ కొన్నాడు. వణికే వేళ్లతోనే ఒక్కో కాయా ఒలిచి, గింజలు ఆమె అరచేతిలో వేశాడు. వేడివేడిగా ఉన్నాయి.

"ఉప్పెక్కువైంది," అన్నాడు.

నాలుకకు రుచి తెలిసిందా ఈ మనిషికి! రేణుకమ్మ లోపల ఏదో కొంచెం కదిలింది. గుప్పిట మూసుకుంది, అది జారిపోతుందేమోనన్నట్టు.

"ఇంట్ల లేకుంటే ఆగుత రేణుకా," అన్నాడు కిటికీలోంచి చూస్తూ. "ఉంటె ఆగలేను. నీకు అబద్ధం చెప్ప."

"ఉండదు తీయ్."

ఇంటికి రాగానే కొంగు నడుముకు చుట్టింది. అతన్ని పెరట్లో గోడ వైపు తిప్పి కూర్చోబెట్టింది. మంచం కింద ఉన్నవి, బియ్యం డ్రమ్ము వెనక ఉన్నవి, అటక మీద ఉన్నవి, అన్నీ బయటికి మోసింది. బండలు కడిగింది. ఊదుబత్తి వెలిగించింది.

కురుమూర్తి లోపలికి వచ్చి గది మధ్యలో నిలబడి గట్టిగా గాలి పీల్చాడు. "ఏం లేదే!" అన్నాడు వింతగా. తర్వాత ఇంత పచ్చిపులుసు వేసుకుని అన్నం తిన్నాడు. మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని, ఊపిరి తీసుకుంటున్న చప్పుడు కూడా లేకుండా నిద్రపోయాడు.

రేణుకమ్మ అతని మీద దుప్పటి సర్ది, తలుపు దగ్గరగా వేసి, వీధి దాటి, పొద్దున్నుంచి కాచుకుని ఉన్న మగవాళ్ల మధ్యలోంచి నడిచి, ఎదురు కొట్టంలోకి మార్చిన తన బెల్టు షాపు తడక తీసింది.