మర్డాక్ నడుము

“చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి తల్లీ, కాస్త రుద్దుకుని వెయ్యి!” అన్నాడు మర్డాక్, బల్లకున్న కంతలో ముఖం పెట్టి బోర్లా పడుకుని.

రోజలీ రుద్దుకోలేదు. అలాగే అతని నడుం మీద వేసింది. ఫిజియోథెరపిస్టుగా ఎన్నో నడుములు చూసింది. ఈ నడుము మాత్రం ఇన్నాళ్ళకు చేతికి చిక్కింది.

కెనడాలోని ఆ కేప్ బ్రెటన్ దీవిలో పెద్దవాళ్ళెవరైనా ముందుగా అడిగేదే అతనూ అడిగాడు.

“ఎవరి పిల్లవే నువ్వు?”

“ఆంగస్ కూతుర్ని. చేపల కంపెనీలో మీ కింద పెట్టెలు మోసేవాడు.”

కంతలోంచి నవ్వు వినిపించింది. “వాడా! నడుం విరిగిందంటూ నేల మీద దొర్లాడు చూడూ, అబ్బో, ఏం నటించాడు! అందరి ముందూ ఆ మాటే అన్నాను. మర్నాడే పనిలోంచి పీకించేశాను.”

“నాన్న ఇప్పటికీ గోడ పట్టుకునే లేస్తాడు.”

“ఇంకా మానలేదా ఆ వేషాలు?”

ఆమె బొటనవేళ్ళు వెన్నుపూసల పక్కన ఆగాయి. మొన్న ఆదివారం చర్చిలో ప్రార్థన చెబుతూ, క్షమించే మాట దగ్గరికి వచ్చేసరికి పెదవులు బిగించుకుంది. ఈ మనిషిని దేవుడు తన బల్ల మీదికే ఎందుకు పంపినట్టు? మన్నించమనా? ఒక్క తప్పు నొక్కు చాలు, ఇతనూ గోడ పట్టుకునే...

“ఊపిరి వదలండి,” అంది.

నొక్కింది. మర్డాక్ కెవ్వుమన్నాడు. పక్కకు దొర్లించి, మోకాలు మడిచి, భుజం అదిమిపట్టి ఒక్క తోపు తోసింది. నడుం టక్కుమంది.

“లేవండి.”

భయపడుతూనే లేచాడు. వంగాడు. ఇంకా వంగాడు. వేళ్ళు నేలకు తగిలాయి.

“ఓరి దేవుడా! రెండేళ్ళయిందే ఇలా వంగి! ఇంట్లో చేసుకోడానికి కసరత్తులేమైనా చెప్పవూ? అవి చెయ్యకపోతే, చేత్తో తగ్గిన నొప్పి రాత్రికే తిరిగొస్తుందటగా?”

“ఈ పూటకిది చాలు. బూట్లు మీరే కట్టుకోండి, చూద్దాం.”

పసివాడిలా గొంతుక్కూర్చుని ముళ్ళు వేసుకోసాగాడు. “ఆంగస్ కూతురివైనా మంచిదానివే!”

రోజలీ నవ్వుతూ తలుపు బార్లా తెరిచి, మర్డాక్ నడుం ఇక వంగదని తేలితే పింఛను రాయడానికి వచ్చేవారం రావలసి ఉండగా, తను ఫోన్ చేసి ఈ రోజే రప్పించుకున్న కంపెనీ డాక్టర్ని లోపలికి రమ్మంది.