ఎత్తుకోని అత్త

“ఓలె బేబీ! ఆ గోవిందుగాడ్ని పట్టుకోయే, నూనొంటితో మట్టిలో పడిపోతాడు!” నూతి దగ్గర నుంచి కాంతమ్మ కేక వేసింది.

పట్టుకోవడమంటే మాటలా! నాలుగేళ్ళ వెధవ, ఒంటి మీద నూలుపోగు లేదు, నూనె కారుతూ చేతికి చిక్కితేనా? కొబ్బరిచెట్ల చుట్టూ వాడు, వాడి వెనక చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని బేబి. టెక్కలి నుంచి ఈ ఉద్దానం ఊరికి కోడలిగా వచ్చి నెల కాలేదు, తోటికోడలు కాంతమ్మ పిల్లలు నలుగురూ కలిసి ఆమె కొత్తపెళ్ళికూతురి సిగ్గంతా వదలగొట్టేశారు. పెద్దది ఉషారాణి, రెండో తరగతి. ఆ తర్వాత గోవింద్, కృష్ణ. ఇద్దరికీ జానెడు తేడా లేదు, ఒకడి చొక్కా ఇంకొకడు తొడుక్కుని తన్నుకుంటారు. చివరిది భవ్యశ్రీ, ఇంకా పాకుతోంది, దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటోంది.

ఇంతమందికి తలంటాలంటే ఇద్దరాడవాళ్ళు ఏ మూలకి? అందుకే ఎదురింటి మహాలక్ష్మి వచ్చింది. ప్రతి ఆదివారమూ వస్తుంది. పిల్లలు నిలవని మనిషి, అందుకేనేమో ఈ పిల్లలంటే ప్రాణం పెడుతుంది. ఉషకి జడలేస్తుంది, భవ్యని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోస్తుంది, వచ్చేటప్పుడు కొంగున ఏదో ఒక చిరుతిండి కట్టుకునే వస్తుంది.

కృష్ణని మాత్రం ముట్టదు.

వాడు “అత్తా” అంటూ చేతులు చాచి వెళితే, “పోరా నల్లోడా, కాకిముక్కూ నువ్వూనూ” అని కసురుతుంది. జంతికలు అందరికీ పంచి వాడికి పెట్టదు. కాంతమ్మే తన చేతిలోది విరిచి వాడికిస్తుంది. వాడి మొహం చిన్నబోవడం చూస్తే బేబికి ఒళ్ళు మండిపోయేది. కొత్తగా వచ్చినదాన్ని, నాకెందుకులే అని నోరు కట్టేసుకుంది.

ఆ ఆదివారం కట్టేసుకోలేకపోయింది.

రాత్రి నుంచి కృష్ణకి ఒళ్ళు వెచ్చగా ఉంటే వరండాలో నులకమంచం మీద పడుకోబెట్టారు. గోవింద్‌ని ఎలాగో లాక్కొస్తున్న బేబి అటు చూసేసరికి వాడు కళ్ళు తేలేసి కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాడు.

“అప్పా! కిష్టకి ఏటో అయిపోతన్నాది!” అక్క వరసన తోటికోడల్ని కేకేసింది.

కాంతమ్మ తడిచీరతోనే పరిగెత్తుకొచ్చింది. కాసేపటికి కొట్టుకోవడం ఆగింది గానీ ఒళ్ళు పెనంలా కాలుతోంది, పిలిస్తే పలకడం లేదు. “కాశీబుగ్గ తీసుకుపోవాల, ఆటోకి ఫోన్ సేయించొత్తాను” అంటూ ఆమె మూల మీది కొట్టుకి పరుగుపెట్టింది.

బేబి పిల్లాణ్ణి భుజాన వేసుకుంది. మహాలక్ష్మి అక్కడే నిలబడి ఉంది.

“పట్టుకో వదినా, తడిగుడ్డ తెత్తాను.”

మహాలక్ష్మి చేతులు సగందాకా వచ్చాయి. చటుక్కున వెనక్కి లాక్కుంది. “నానెత్తుకోను. నువ్వే ఉంచుకో.”

“పేనం మీదికొచ్చింది వదినా!”

“నన్నడక్కమ్మా.”

బేబికి ఇక ఒళ్ళు తెలియలేదు. “నువ్వు కని పెంచుంటే తెలిసును పిల్లడి బాధ! నీది గుండె కాదు, బండ!”

మహాలక్ష్మి గబగబా వెళ్ళి తడిగుడ్డ తెచ్చి, దూరంగా నిలబడే చెయ్యి చాచి అందించింది.

ఆటో వచ్చింది. కాంతమ్మ, ఆమె మొగుడు లోకనాథం కృష్ణని తీసుకుని వెళ్ళిపోయారు. మిగిలిన ముగ్గురూ బేబి, మహాలక్ష్మిల నెత్తిన పడ్డారు. భవ్య తల్లి కోసం ఒకటే ఏడుపు. గోవింద్ ఆటో ఎక్కించలేదని అలిగి అన్నం కంచం తన్నేశాడు. మహాలక్ష్మే వండింది, కథలు చెప్పి తినిపించింది. తను మాత్రం మెతుకు ముట్టలేదు. రోడ్డు మీద ఏ బండి చప్పుడైనా లేచి నిలబడుతోంది. ఇంటికెళ్ళిపోదామని తొందర కాబోలు అనుకుంది బేబి.

“అత్తా, తమ్ముడు సచ్చిపోతాడేటి?” అనడిగింది ఉష.

ఎన్నడూ చెయ్యెత్తని మహాలక్ష్మి దాని నోటి మీద ఒక్కటేసింది. వెంటనే గుండెలకి హత్తుకుంది. పరాయి పిల్లల మీద ప్రేమ ఇంతేనన్నమాట అని బేబి మొహం తిప్పేసుకుంది.

పొద్దు వాలాక ఆటో వచ్చింది. కృష్ణ కాంతమ్మ భుజం మీద నిద్రపోతున్నాడు.

“సూదిమందేసి, సెలైను పెట్టారు. గండం గడిసింది. దార్లో బిస్కట్టడిగి తిన్నాడు కూడాను,” అంది కాంతమ్మ.

“తగ్గిందా?” వరండా స్తంభం దగ్గర నుంచే అడిగింది మహాలక్ష్మి.

“తగ్గింది.”

“ఈ నల్లోడికేటవుద్ది గానీ,” అనేసి, వాడి వంక చూడకుండా రోడ్డు దాటి, తన ఇంట్లోకి పోయి తలుపేసుకుంది.

బేబి భగ్గుమంది. “సూసావా అప్పా! దగ్గరికైనా రాలేదు. ఎత్తుకోమంటే పొద్దున్న కూడా సేతులెనక్కి లాగీసింది. కని పెంచుంటే తెలిసునని మొహం మీదే అనీసాను.”

కాంతమ్మ కృష్ణని ఒళ్ళో వేసుకుని మంచం మీద కూలబడింది. “ఓలమ్మో! ఎంత మాటన్నావే! అంత మాట పడి కూడా ముగ్గురికీ కూడెట్టిందా!” కళ్ళు తుడుచుకుని గొంతు తగ్గించింది. “పైకి అనకూడని మాట, నీలోనే ఉంచుకో. దానికి ఇద్దరు పుట్టి పురిట్లోనే పోయారు. మూడోవోడైనా నిలవాలంటే, పిల్లలు బతికినదానికి సేటడు తవుడుకి అమ్మీమన్నారు పెద్దోళ్ళు. అయిదేళ్ళు నిండీదాకా ముట్టుకోకూడదు, ముద్దుసేయకూడదు, నా కొడుకనకూడదు. ఏడ్సుకుంటా అమ్మీసింది.”

బేబి ఎదురింటి మూసిన తలుపు వంక చూసింది. “ఆ పిల్లడు బతికున్నాడా అప్పా?”

“ఇదిగో, నా ఒళ్ళో పడుకున్నాడు.”