కుడివైపు పాఠం

తనుశ్రీ తండ్రి మెడలోని మఫ్లర్ లాగిపారేసింది. ఎడమవైపు దవడ కింద నుంచి మెడంతా ఎర్రగా ఉబ్బిపోయి ఉంది.

“పాగల్ హో గయే క్యా, పిచ్చి పట్టిందా నాన్నా? పంటి చీము ఇది! ఎన్నాళ్ళయింది?”

“నాలుగు రోజులే. నీ పరీక్షలు అయిపోనీ అనీసి ఊరుకున్నాను.”

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. మెడలోని పొరల పాఠం వల్లె వేయడానికి రోజూ ఆయన మెడ మీదే స్కెచ్ పెన్నుతో గీసేది. కండరాల పొర, గొంతు గొట్టం చుట్టూ పొర, వెన్నెముక ముందు పొర. వాటి మధ్యనుంచి చీము ఛాతీలోకి దిగితే మనిషి దక్కడని చెప్పేది. నాలుగు రోజులుగా ఆయన గీయడానికి కుడివైపే చూపిస్తూ ఎడమవైపు కప్పుకుని ఉంటే, జంషెడ్‌పూర్ చలికి మఫ్లర్ వదలడం లేదనుకుంది.

“ఆస్పత్రికి పద! డాక్టరీ చదువుతున్న కూతురు ఇంట్లో ఉండి ఏం లాభం? చెప్పిందాంట్లో ఒక్క ముక్కయినా చెవిన పెట్టావా?”

ఆటో కోసం ఫోన్ తీస్తుంటే అప్పుడు కనిపించాయి. వాపు అంచున ఒకదాని కింద ఒకటిగా నాలుగు గీతలు, పక్కన తేదీలు. ఆమె స్కెచ్ పెన్నే.

“అంతా ఇన్నానమ్మా,” అన్నాడు సోమేశ్వరరావు, నోరు సరిగా తెరవలేక. “ఛాతీలోకి దిగితేనే ముప్పన్నావు కదా. రోజూ అద్దంలో చూసుకుని గీత్తన్నాను. ఛాతీకి ఇంకా రెండు వేళ్ళ మేర ఉంది.”