తప్పు చదివే పలక

“మేకు గడ్డి మేసింది,” అని చదివింది కొత్త పలక. ఒకటో తరగతి గొల్లుమంది. మేకు గడ్డి మేస్తే మరి మేకను గోడకు కొట్టాలా అని సత్యవేణి టీచర్ తల పట్టుకుంది.

పలకలే పాఠాలు పలికే కాలమది. వాడి చూడమని ఒక కంపెనీ బడికి రెండు పలకలు పంపింది. సాయంత్రానికల్లా టీచర్ ఒకదాన్ని ఎంచుకోవాలి. మొదటిది తప్పే పలకదు. దాని ముందు పిల్లలు అసలే పలకరు. రెండోది ఇదిగో, ఈ తప్పుల తడక.

అంతలో, బడిలో చేరింది మొదలు ఒక్క ముక్క పైకి చదవని సుహిత లేచింది.

“మేకు కాదే మొద్దూ, మేక! నాతోపాటు అను,” అంటూ పలకకు పేజీ అంతా చదివి వినిపించింది. టీచర్ ఊపిరి బిగబట్టి వింది.

సాయంత్రం కంపెనీ మనిషి రొప్పుతూ వచ్చి అందరి ముందూ చేతులు జోడించాడు.

“క్షమించండి మేడమ్! రిపేరుకు పోవాల్సిన పలక పొరపాటున మీకొచ్చేసింది.”

“మేం ఎంచుకున్నది దాన్నే బాబూ,” అంది టీచర్.

“అయ్యో, దానికి చదవడం రాదండీ!”

సుహిత పలకను వీపు వెనక దాచుకుంది.

“నేర్పుతున్నా కదా సార్! మధ్యలో బడి మానిపించేస్తారా?”