బిందుకు తగిలిన దిష్టి

మేడ్చల్ బడిలో పరుగుపందెం సగంలోనే బిందు ఆయాసంతో కూలబడింది.

"పిల్ల బరువు మస్తు పెరిగింది. ఏం తింటాంది?" అన్నాడు బడికొచ్చి చూసిన డాక్టరు.

"బడిలకు చిప్స్ ప్యాకెట్లు బంద్ జేసినం సార్. ఎట్ల పెరుగుతాందో సమజైతలేదు," అంది టీచరు.

కబురందుకుని వచ్చిన అవ్వ దుర్గాబాయి మనవరాలిని ఇంటికి తీసుకొచ్చి, తూర్పు మొహంగా కూర్చోబెట్టి పిడికెడు ఉప్పు తిప్పింది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, టీచరు దిష్టి, డాక్టరు దిష్టి..."

బిందు ఆమె చెవిలో గుసగుసగా అంది. "నువ్వు రోజూ గేటు సందులకెల్లి ప్యాకెట్లిస్తవని నేను ఎవ్వలికీ చెప్పలేదవ్వా."

దుర్గాబాయి పిడికిలి గాలిలో ఆగిపోయింది. కాసేపటికి మళ్ళీ తిప్పింది.

"అవ్వ దిష్టి," అంది, బిందు మొహంలోకి చూడలేక.