రోజా వాసన

"కండ్లు మూసుకొని, ఇది ఏం వాసనో చెప్పప్పా," అంటూ నర్సు ప్రతిభ గడప దగ్గరి బకెట్టులోంచి ఒక రోజా తీసి బైరప్ప ముక్కుకు ఆనించింది.

వైరస్ జ్వరం తగ్గినా, వాసన తెలియకపోతే మళ్లీ టెస్టు, అంతదాకా గదే గతి. రేపేమో గురుబరపల్లిలో మనవరాలికి పేరు పెడుతున్నారు.

"రోజా! అబ్బా, ఏం కమ్మని వాసనమ్మా! ఇంక పోవచ్చునా?"

భార్య రంగమ్మకు ఒళ్లు మండిపోయింది. "అది మా పాలీహౌసులో, ప్లాస్టిక్ పందిరి కింద పెంచిన రోజా, నర్సమ్మా. దానికి పుట్టుకతోనే వాసన లేదు! గడ్డానికి ముల్లు గుచ్చుకొంటే కనిపెట్టినాడు."

బైరప్ప కండ్లు తెరిచి గడ్డం తడుముకొన్నాడు.

"నిన్న మాడిన చారును కమ్మగుందని తాగితే, నా మీద ప్రేమనుకొంటినే!"

"అదీ ఉందిలేవే."

"ఆ ప్రేమ పసిదాని మీద కూడా ఉంటే ఈడే పడుండు," అంటూ రంగమ్మ ఊరికని సర్దుకొన్న తన సంచిని విప్పేసింది.